పుట్టింటికీ అత్తింటికీ మధ్య తప్పిపోతున్న టీకాలు: రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖల ఉన్నతాధికారులకు, జిల్లా ఇమ్యునైజేషన్ అధికారులకు, పీహెచ్‌సీ వైద్యాధికారులకు,

నమస్కారం.

మన ఇళ్లలో తొలికాన్పు పుట్టింట్లోనే జరుగుతుంది. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి అమ్మాయిని తీసుకెళ్తారు. బిడ్డ పుట్టాక మంచిరోజు చూసుకుని, బేసి నెల కావాలి కాబట్టి మూడో నెలలోనో ఐదో నెలలోనో, ఒడి నింపి అత్తవారింటికి సాగనంపుతారు. ఇప్పుడు టీకాల పట్టికను ఈ రాకపోకల పక్కన పెట్టి చూడండి. ఐదు జబ్బులను ఆపే పెంటావాలెంట్ టీకా మూడు డోసులు 6, 10, 14 వారాలు నిండాక వేయాలి. 14 వారాలంటే మూడు నెలలు దాటి వారం రోజులు. మూడో నెలలో ప్రయాణం కట్టిన బిడ్డకు మూడో డోసు, దాంతోపాటు వేయాల్సిన న్యుమోకాకల్ (న్యుమోనియా టీకా) రెండో డోసు, చేతికి వేసే పోలియో సూది రెండో డోసు, రోటా (విరేచనాల టీకా) మూడో డోసు, అన్నీ కొత్త ఊళ్లోనే పడాలి. ఆ ఊరి ఏఎన్ఎం (ఊళ్లో టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త) దగ్గర ఆ బిడ్డ పేరే ఉండదు. పుట్టింటి ఊరి ఏఎన్ఎం డ్యూ లిస్టులో, అంటే టీకా పడాల్సిన పిల్లల జాబితాలో, ఆ పేరు పక్కన ‘ఊరెళ్లారు’ అని ఉంటుంది. రెండు రిజిస్టర్లూ తప్పు చెప్పవు. బిడ్డ మాత్రం రెండింటి మధ్యా జారిపోతుంది.

ఈ లేఖ రాయడానికి ముఖ్య కారణం ఇదే. మన రాష్ట్రాల్లో మొదటి టీకా పడని పిల్లలు తక్కువ. మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయినవాళ్లే ఎక్కువ. టీకాల కొరత వల్లో, తల్లిదండ్రులు వద్దన్నందువల్లో ఇలా జరుగుతోందనుకుంటే పొరపాటు. చాలాచోట్ల కారణాలు రెండే. బిడ్డ ఊరు మారితే సమాచారం వెంట వెళ్లడం లేదు. టీకా వేసిన చోట తల్లికి చెప్పాల్సిన నాలుగు మాటలు చెప్పడం లేదు. ఈ రెంటినీ సరిచేయడానికి కొత్త పథకం అక్కర్లేదు. ఉన్న మార్గదర్శకాలను బుధవారం, శనివారం సెషన్లలో తు.చ. తప్పకుండా పాటించేలా చూస్తే చాలు.

ముందు ఊరు మారే బిడ్డ సంగతి. ఇలాంటి బిడ్డను గుర్తించడానికి సర్వే అవసరం లేదు. ఆరో వారం టీకాకు వచ్చినప్పుడే ‘ఇది మీ అమ్మగారి ఊరా, అత్తగారి ఊరా? తిరిగి ఎప్పుడు వెళ్తావమ్మా?’ అని ఒక ప్రశ్న అడిగితే తెలిసిపోతుంది. ఆ జవాబు రాసుకోవడానికి డ్యూ లిస్టులో ఒక గడి కావాలి: వెళ్లబోయే ఊరు, మండలం, వెళ్లే నెల. బయలుదేరిన వారంలోనే ఈ ఏఎన్ఎం ఆ ఊరి ఏఎన్ఎంకు ఫోన్ చేసి బిడ్డ ఆర్‌సీహెచ్ నంబరు (ప్రభుత్వ రికార్డుల్లో తల్లీబిడ్డల నమోదు సంఖ్య), చివరి డోసు పడిన తేదీ, తర్వాత పడాల్సినవి, తల్లి ఫోన్ నంబరు చెప్పాలి. అవతలి ఏఎన్ఎం ఆ పేరును తన డ్యూ లిస్టులో ఎక్కించుకున్నానని చెప్పేదాకా మొదటి రిజిస్టరులో ఆ పేరు కొట్టేయకూడదు. జిల్లాలో ఏ సబ్‌సెంటర్ ఏఎన్ఎం నంబరు ఏదో అందరికీ అందుబాటులో ఉండాలి. పక్క రాష్ట్రానికి వెళ్లే బిడ్డలూ తక్కువేం కాదు. ఖమ్మం ఆడపడుచు కృష్ణా జిల్లా కోడలు కావడం, కర్నూలు అమ్మాయి గద్వాలలో కాపురం చేయడం మనకు మామూలే. అందుకే ఈ లేఖ రెండు శాఖలకూ కలిపి రాస్తున్నాం.

టీకాల వివరాలను ఆన్‌లైన్‌లో నమోదు చేసే యూ-విన్ వచ్చాక ఈ పని సులువు కావాలి. 2023 జనవరిలో దేశవ్యాప్తంగా కొన్ని జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలై, ఆ తర్వాత అంతటికీ విస్తరించిన వ్యవస్థ అది. ఏ ఊళ్లో వేసిన డోసు అయినా ఎక్కడి నుంచైనా కనిపిస్తుంది. గుర్తుచేస్తూ సందేశం కూడా వస్తుంది. చిక్కంతా ఫోన్ నంబరు దగ్గరే. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పనిచేసే భర్త నంబరు ఇస్తే సందేశం ఆయనకు వెళ్తుంది, బిడ్డ ఉన్నది ఇంకెక్కడో. పని తెమలడం కోసం ఆశా కార్యకర్త తన నంబరే వేస్తే ఇక ఆ సందేశం ఇంటికే చేరదు. నమోదు చేసేటప్పుడు తల్లి దగ్గర ఉండే ఫోన్ నంబరే ఎక్కించాలనీ, అక్కడికక్కడే ఒకసారి మోగించి చూడాలనీ ఆదేశం ఇవ్వండి.

వలస కుటుంబాలది ఇంతకన్నా కష్టమైన సంగతి. కర్నూలు పడమటి మండలాల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు, పాలమూరు నుంచి కట్టడాల పనికి నగరాలకు, ఒడిశా నుంచి మన ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాల్లో పాలుతాగే పిల్లలు ఉంటారు. బట్టీ పని దాదాపు నవంబరులో మొదలై తొలకరి పడేదాకా సాగుతుంది. అంటే పసిబిడ్డ తొలి ఏడాదిలో సగానికి పైగా అక్కడే గడుస్తుంది. ఆ బట్టీ ఏ సబ్‌సెంటర్ పరిధిలో ఉందో అక్కడి టీకాల ప్రణాళికలో (మైక్రోప్లాన్) దాని పేరు విడిగా ఉండాలి. యజమాని దగ్గరికి వెళ్లి పనివాళ్ల లెక్క తీసుకున్నాక, పిల్లల తలలు లెక్కపెట్టాలి. సెషన్ వాళ్ల దగ్గరికే వెళ్లాలి, పొద్దున పదింటికి కాదు, పని ఆగే వేళకు. రోజు కూలి పోగొట్టుకుని ఏ తల్లీ టీకాకు రాదు, రమ్మనడమూ న్యాయం కాదు.

ఇక నాలుగు మాటలు. టీకా వేశాక ప్రతి తల్లికీ చెప్పాల్సిన నాలుగు సంగతులు మన శిక్షణ పుస్తకాల్లో ఎన్నాళ్లుగానో ఉన్నాయి. ఇవాళ ఏ టీకా వేశాం, అది ఏ జబ్బును ఆపుతుంది. దీనివల్ల ఏమేం రావచ్చు, వస్తే ఏం చేయాలి. మళ్లీ ఎప్పుడు, ఎక్కడికి రావాలి. కార్డు జాగ్రత్తగా దాచి వచ్చేటప్పుడు తేవాలి. వీటితోపాటు అరగంట ఇక్కడే కూర్చోవాలి. చెప్పడానికి మూడు నిమిషాలు పడుతుంది. 30 మంది పిల్లలు వచ్చే సెషన్‌లో గంటన్నర. ఆ గంటన్నర మీ ప్రణాళికలో లేదు. ఏఎన్ఎం సూది వేయాలి, రిజిస్టరు రాయాలి, యాప్‌లో ఎక్కించాలి, టీకాల చల్లని పెట్టె (క్యారియర్) తిరిగి ఇచ్చేయాలి. అందులో నోటికి వచ్చేది ఒక్క మాటే: ‘జ్వరం వస్తుంది, మాత్ర వేయి.’ ఆ ఒక్క మాటతో ఇంటికెళ్లిన తల్లి రాత్రంతా కాలుతున్న బిడ్డను ఎత్తుకుని కూర్చుంటుంది. తెల్లారేసరికి అత్తగారు ‘ఇంకోసారి ఆ సూది వద్దు’ అంటారు. రెండో డోసు అక్కడే ఆగిపోతుంది.

అందుకే ఆ మాటలు ఎంత స్పష్టంగా ఉండాలో ఇక్కడ రాస్తున్నాం. శిక్షణలో వాడుకోండి. ఈ లేఖ చదివే తల్లిదండ్రులకూ పనికొస్తుంది.

పెంటావాలెంట్ వేసిన తొడ కాస్త వాచి ఎర్రబడుతుంది, ముట్టుకుంటే బిడ్డ ఏడుస్తుంది. జ్వరం చాలామందికి అదే రోజు సాయంత్రం మొదలై ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ప్రభుత్వ టీకాలో కోరింత దగ్గు క్రిమిని చంపి మొత్తంగా వాడతారు కాబట్టి ఈ జ్వరం కాస్త ఎక్కువగానే కనిపిస్తుంది. శరీరం టీకాను గుర్తుపట్టి పనిచేస్తోందనడానికి అది ఆనవాలు. జ్వరం రాని బిడ్డకు టీకా పట్టలేదని అర్థం కాదు. వాపు మీద చల్లని నీళ్లలో తడిపి పిండిన శుభ్రమైన గుడ్డ వేయొచ్చు. కాపడం పెట్టకూడదు, నూనెతో మర్దన చేయకూడదు, బామ్ రాయకూడదు. తల్లిపాలు ఎప్పటిలాగే, వీలైతే ఇంకా తరచుగా ఇవ్వాలి. ఒళ్లు బరువు దుప్పట్లతో కప్పెయ్యకుండా పలచని బట్ట వేయాలి.

పారాసిటమాల్ దగ్గర జరిగే పొరపాట్లు ప్రమాదకరమైనవి, వీటి గురించి కాస్త ఎక్కువగానే చెప్పాలి. మోతాదు బిడ్డ బరువును బట్టి ఉంటుంది: ప్రతి కిలోకూ ఒక్కో విడతకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 5 కిలోల బిడ్డకు 50 నుంచి 75 మిల్లీగ్రాములు. కానీ దుకాణంలో దొరికే మందులు ఒక్కలా ఉండవు. చుక్కల మందులో సాధారణంగా 1 మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది. సిరప్‌లో 5 మి.లీ.కి 120 లేదా 125 మి.గ్రా. ఉంటుంది, ఇంకో రకంలో 250 ఉంటుంది. అంటే ఆ 5 కిలోల బిడ్డకు చుక్కల మందు అయితే 0.5 నుంచి 0.75 మి.లీ., 125 సిరప్ అయితే 2 నుంచి 3 మి.లీ., 250 సిరప్ అయితే 1 నుంచి 1.5 మి.లీ. సిరప్‌కు చెప్పిన కొలతలో చుక్కల మందు పోస్తే బిడ్డ కడుపులోకి నాలుగు రెట్లు వెళ్తుంది, కాలేయానికి ముప్పు. విడతకూ విడతకూ మధ్య కనీసం 4 నుంచి 6 గంటలు ఆగాలి, రోజుకు నాలుగు విడతలు దాటకూడదు. ఇంట్లో పెద్దపిల్లలకు తెచ్చిన మందు వాడకూడదు. ఆస్పిరిన్ ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

2019 మార్చిలో హైదరాబాద్‌లో టీకాల తర్వాత జ్వరానికని ఇచ్చిన మాత్రలు పారాసిటమాల్ కావు, ట్రమడాల్ అనే బలమైన నొప్పి మందు. పసిపిల్లల ప్రాణాలు పోయాయి. టీకా తప్పేమీ లేకపోయినా నగరమంతా ‘టీకా వికటించింది’ అనే మాట వ్యాపించింది. ఆ సంఘటన నుంచి నేర్చుకోవాల్సింది చాలా సాదాసీదా సంగతి. సెషన్‌లో ఇచ్చే జ్వరం మందును టీకా సీసాను చూసినంత శ్రద్ధగా చూడాలి. స్ట్రిప్ మీద పేరు బయటకు చదవాలి, గడువు తేదీ చదవాలి, తల్లికి చూపించి ఇవ్వాలి. స్ట్రిప్ నుంచి కత్తిరించి పేరు లేని ముక్క చేతిలో పెట్టకూడదు. బిడ్డకు మాత్రను నాలుగు ముక్కలు చేసి నూరి ఇమ్మనే పద్ధతి మానేసి, కొలిచే గొట్టంతో చుక్కల మందు సరఫరా చేయండి. కార్డు మీద ఆ రోజు బరువు పక్కనే ‘ఇన్ని మి.లీ.’ అని ఏఎన్ఎం చేత్తో రాసే చోటు పెట్టండి. ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు.

ఎప్పుడు భయపడాలో కూడా తల్లికి చెప్పాలి. చెప్పకపోతే చిన్న జ్వరానికి భయపడతారు, నిజమైన ప్రమాదాన్ని గుర్తుపట్టరు. ఊరుకోబెట్టినా ఆగకుండా మూడు గంటలకు పైగా ఏడవడం, ఫిట్స్, పాలు తాగలేకపోవడం, ఒళ్లు వేలాడిపోవడం, రెండు రోజులు దాటినా తగ్గని జ్వరం కనిపిస్తే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. టీకా వేసిన నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు లేచి, ముఖం వాచి, ఊపిరి ఆడక, బిడ్డ తెల్లగా పాలిపోతే అది తీవ్రమైన అలర్జీ. పది లక్షల డోసుల్లో ఒకటి రెండుసార్లు జరిగేంత అరుదు. అయినా దానికోసమే ఆ అరగంట. ఏఎన్ఎం దగ్గర ఉండే కిట్‌లోని అడ్రినలిన్ తొడ కండలో వెంటనే వేసి 108కి ఫోన్ చేస్తే బిడ్డ బతుకుతుంది. కిట్‌లో అడ్రినలిన్ గడువు ఎప్పుడు తీరుతుందో ఆ పెట్టె మూత మీదే రాసి ఉంచాలి. ప్రతి సెషన్‌కు ముందు చూడాలి. ఆఖరి బిడ్డకు టీకా వేసిన వెంటనే సర్దుకుని వెళ్లిపోవడం కుదరదు, ఆ బిడ్డకూ అరగంట ఉంది.

కొన్ని టీకాలు ఆలస్యంగా మాట్లాడతాయి. క్షయ టీకా అయిన బీసీజీ వేసిన ఎడమ చేతి భుజం మీద మొదట ఏమీ ఉండదు. రెండు నుంచి ఆరు వారాల్లో చిన్న గడ్డ లేస్తుంది, పగిలి కాస్త చీము కారుతుంది, ఆరిపోయి మచ్చ మిగులుతుంది. అంతా మూడు నెలల లోపు ముగుస్తుంది. దానికి పసుపూ, విభూతీ, ఆయింట్‌మెంటూ ఏవీ పెట్టకూడదు, పొడిగా వదిలేయాలి. మచ్చ పడకపోయినా మళ్లీ వేయక్కర్లేదు. తొమ్మిది నెలలప్పుడు వేసే తట్టు-రుబెల్లా టీకాకు జ్వరం, పలచని దద్దుర్లు వారం తర్వాత, 7 నుంచి 12 రోజుల మధ్య రావచ్చు. టీకా వేసిన సంగతి అప్పటికి మరిచిపోయి ‘అమ్మవారు పోసింది’ అనుకుని వేపాకులు కట్టి బిడ్డకు ఆహారం తగ్గించేస్తారు. ముందే చెప్పి ఉంటే ఆ అవస్థే ఉండదు.

‘ఒకేసారి మూడు సూదులా?’ ఈ ప్రశ్న ప్రతి సెషన్‌లో వస్తుంది. 6 వారాలకు మూడు సూదులు: ఎడమ తొడకు పెంటావాలెంట్, కుడి తొడకు న్యుమోకాకల్, కుడి చేతికి చర్మంలో పోలియో. నోట్లో పోలియో చుక్కలు, రోటా విడిగా. 10 వారాలకు ఒక్క సూదే. 14 వారాలకు మళ్లీ మూడు. తల్లి కళ్లలో నీళ్లు చూసి జాలిపడి ‘ఒకటి వచ్చే వారం వేద్దాం’ అనడం చాలా చోట్ల జరుగుతోంది. ఆ వచ్చే వారం రాదు. మూడూ ఒకే రోజు వేసినా ఒక దాని పనికి ఇంకొకటి అడ్డం కాదు. బిడ్డ ఏడ్చేది కూడా ఒక్క రోజే. చుక్కలు ముందు వేసి, సూది వేసేటప్పుడు తల్లి ఒళ్లో గట్టిగా పట్టుకుని, వెంటనే పాలు పట్టించమంటే చాలావరకు సర్దుకుంటుంది. పిరుదు మీద వేయమని అడిగే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. అక్కడ కొవ్వులో పడితే టీకా సరిగా పనిచేయదు, నరానికి తగిలే ప్రమాదమూ ఉంది. వద్దని నెమ్మదిగా చెప్పాలి.

ఆ చేతికి వేసే చిన్న పోలియో సూది ఎందుకో వివరించడానికి మన దగ్గరే నిదర్శనం ఉంది. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది. 2014 మార్చి 27న పోలియో లేని దేశాల వరుసలో చేరాం. అయినా 2016లో హైదరాబాద్ మురుగునీటిలో టీకా నుంచి రూపుమారిన టైప్ 2 వైరస్ దొరికితే, ఆ జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో ఈ సూదినే లక్షల మంది పిల్లలకు వేశారు. చుక్కల్లో ఇప్పుడు టైప్ 2 లేదు. దాని నుంచి కాపాడేది ఈ సూదే. అందుకే ఇప్పుడు 6 వారాలు, 14 వారాలు, 9 నెలలకు మూడుసార్లు వేస్తున్నాం.

జలుబు చేసిందనీ, విరేచనాలు అవుతున్నాయనీ, యాంటీబయాటిక్ వాడుతున్నారనీ, నెలలు నిండకుండా పుట్టిందనీ టీకా వాయిదా వేస్తున్నారు. వీటిలో ఏదీ కారణం కాదు. నెలలు నిండని బిడ్డకు కూడా పుట్టిన తేదీ నుంచే వారాలు లెక్కపెట్టాలి. ఆసుపత్రిలో చేర్చాల్సినంత జబ్బు ఉంటే ఆగాలి. ఇంతకుముందు డోసుకు తీవ్ర అలర్జీ వస్తే ఆ టీకా ఆపి వైద్యుడికి చూపించాలి. వాయిదా వేసిన ప్రతిసారీ కారణం డ్యూ లిస్టులో రాయమనండి. రాయాల్సి వస్తే సగం వాయిదాలు వాటంతట అవే తగ్గిపోతాయి.

వాయిదాకు మరో కారణం సీసా. బీసీజీ, తట్టు-రుబెల్లా పొడి టీకాలు. వాటికంటూ ఇచ్చిన ద్రావకంతోనే కలపాలి, కలిపిన సమయం సీసా మీద రాయాలి, 4 గంటల తర్వాత పారేయాలి. అందులో సూక్ష్మక్రిములు పెరగకుండా ఆపే మందు ఉండదు. 4 గంటలు దాటాక వాడితే కొద్ది గంటల్లోనే బిడ్డకు వాంతులు, విరేచనాలు, తీవ్ర జ్వరం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఈ నియమం మంచిదే. కానీ పది డోసుల సీసా ఒక్క బిడ్డ కోసం తెరిస్తే తొమ్మిది వృథా అవుతాయనీ, సమీక్షలో అడుగుతారనీ భయపడి, ‘పదిమంది వచ్చిన రోజు రండి’ అని పంపేస్తున్నారు. ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలన్నది కేంద్ర మార్గదర్శకమే. మరి సమీక్షల్లో వృథా శాతం అడిగినప్పుడల్లా, తిరిగి వెళ్లిపోయిన పిల్లలెందరని కూడా అడగండి. ఏఎన్ఎంలు ఇప్పుడు వింటున్నది వృథా గురించిన ప్రశ్న ఒక్కటే. పెంటావాలెంట్, డీపీటీ (కంఠసర్పి లేదా డిఫ్తీరియా, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా), న్యుమోకాకల్, పోలియో సీసాలైతే నియమాలు పాటిస్తే తెరిచాక 28 రోజులు వాడొచ్చు, వాటికి ఈ బెంగే లేదు.

శీతల గొలుసు గురించి ప్రభుత్వ కేంద్రాల్లో శ్రద్ధ బాగానే ఉంది. ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచి, రోజుకు రెండుసార్లు ఉష్ణోగ్రత రాస్తున్నారు. మా ఆందోళన చిన్న ప్రైవేటు క్లినిక్కుల గురించి. మందులు, నీళ్ల సీసాలు, భోజనం డబ్బా అన్నీ ఒకే ఇంటి ఫ్రిజ్‌లో, టీకాలు తలుపు అరలోనో, ఐసు గడి పక్కనో. వేడికి పాడవుతుందని అందరికీ తెలుసు. గడ్డకడితే పాడవుతుందని చాలామందికి తెలియదు. పెంటావాలెంట్, డీపీటీ, హెపటైటిస్-బి, న్యుమోకాకల్ ఒక్కసారి గడ్డకట్టి కరిగితే చూడటానికి మామూలుగానే ఉంటాయి, పని మాత్రం చేయవు. అనుమానం వస్తే కావాలని గడ్డకట్టించిన అదే రకం, అదే బ్యాచ్ సీసానూ దీన్నీ కలిపి కుదిపి పక్కపక్కన నిలబెట్టి చూడాలి. గడ్డకట్టినది రేణువులుగా విడిపోయి త్వరగా అడుగుకు చేరుతుంది. తల్లిదండ్రులు చూడగలిగేది సీసా మీద ఉన్న వేడి సూచిక. వలయం లోపలి చతురస్రం బయటి వలయం కన్నా తెల్లగా ఉంటే వాడొచ్చు, రెండూ ఒకే రంగుకు వచ్చినా, చతురస్రం ఇంకా నల్లబడినా వద్దు. అది వేడిని మాత్రమే చెబుతుంది, గడ్డకట్టడాన్ని చెప్పదు. టీకాలు వేసే ప్రతి ప్రైవేటు క్లినిక్కులో డిజిటల్ థర్మామీటరు, రోజువారీ పట్టిక ఉండాలని నిబంధన పెట్టి తనిఖీ చేయండి.

ప్రైవేటు ఆసుపత్రుల విషయంలో ఇంకోటి. పుట్టిన 24 గంటల్లో వేయాల్సిన హెపటైటిస్-బి డోసు. తల్లికి ఆ వైరస్ ఉంటే కాన్పులో బిడ్డకు అంటుతుంది. ఆ వయసులో అంటినవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమందికి జీవితాంతం ఉండిపోతుంది. 24 గంటలు దాటితే ఆ డోసు ఇచ్చే రక్షణ తగ్గిపోతుంది. తెలంగాణలో సగానికి పైగా కాన్పులు సిజేరియన్లే, అందులో ఎక్కువ భాగం ప్రైవేటులోనే. శనివారం రాత్రి పుట్టిన బిడ్డకు టీకా సోమవారం పిల్లల డాక్టరు వచ్చాక వేస్తున్నారు. లేబర్ రూమ్‌లోనే టీకా ఉండాలి, కాన్పు చేయించిన నర్సే వేయాలి. డిశ్చార్జి కాగితంలో తేదీతోపాటు గంట కూడా రాయమని ఆదేశించండి. బీసీజీ, పోలియో మొదటి చుక్కలు కూడా ఇంటికి పంపే ముందే వేయించండి. పోలియో తొలి చుక్కలకు 15 రోజులే గడువు. బీసీజీకి ఏడాది దాకా సమయం ఉన్నా ఎంత త్వరగా వేస్తే అంత మంచిది.

కార్పొరేటు ఆసుపత్రుల్లో ‘నొప్పిలేని టీకా’ వేయిస్తేనే మంచిదని ఒక మాట ప్రచారంలో ఉంది. దాంట్లో కోరింత దగ్గు క్రిమి ముక్కలు మాత్రమే ఉంటాయి, జ్వరం తక్కువ, ఖర్చు ఎక్కువ. దాని రక్షణ కాస్త త్వరగా తగ్గుతుంది. ప్రభుత్వ టీకా తక్కువరకం కాదని మీ శాఖే గట్టిగా చెప్పాలి. రోటా టీకా హైదరాబాద్‌లో తయారైనది, 2016లో దేశంలో మొదట వేసిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఈ సంగతి ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు? గవదబిళ్లలు, ఆటలమ్మ, టైఫాయిడ్ టీకాలు ప్రభుత్వ పట్టికలో లేవు, స్తోమత ఉన్నవాళ్లు వేయించుకోవచ్చు. అయితే వాటి కోసం ఉచిత టీకాలు ఆలస్యం చేయకూడదు.

తొమ్మిది నెలల తర్వాత ఇంట్లో ఊపు తగ్గిపోతుంది. ‘తట్టు టీకా అయిపోయింది, ఇక అన్నీ అయినట్టే’ అనుకుంటారు. 16 నుంచి 24 నెలల మధ్య తట్టు-రుబెల్లా రెండో డోసు, డీపీటీ బూస్టరు, పోలియో చుక్కల బూస్టరు ఉన్నాయి. మెదడువాపు టీకా కొన్ని జిల్లాల్లో రెండుసార్లు. విటమిన్-ఎ 9 నెలలకు 1 మి.లీ., ఆపైన ఆరు నెలలకోసారి 2 మి.లీ. చొప్పున అయిదేళ్ల దాకా, మొత్తం 9 సార్లు. ఆ తర్వాత 5 ఏళ్లు నిండాక డీపీటీ రెండో బూస్టరు. ఎక్కువమంది మరిచిపోయేది ఇదే. కంఠసర్పితో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి బడి వయసు పిల్లలు వస్తున్నారంటే కారణం ఇదే. గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరి మూసేసే జబ్బు అది, గుండెను కూడా దెబ్బతీస్తుంది. డీపీటీకి 7 ఏళ్లే గడువు, ఆ తర్వాత టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా) వేయాలి. ఒకటో తరగతిలో చేర్చుకునే రోజున టీకాల కార్డు చూసే బాధ్యత ప్రధానోపాధ్యాయుడికి ఇవ్వాలని విద్యాశాఖతో మాట్లాడండి. చేర్చుకోవడానికి అది షరతు కాకూడదు. కార్డు లేని పిల్లల జాబితా ఏఎన్ఎంకు చేరితే చాలు.

కార్డు పోయిన బిడ్డ వస్తే ఏం చేయాలో కూడా స్పష్టంగా అందరికీ తెలియాలి. మొదట యూ-విన్‌లో, పాత రిజిస్టరులో వెతకాలి. భుజం మీద మచ్చ ఉంటే బీసీజీ పడినట్టే. ఆధారం దొరకని డోసు పడలేదనే అనుకుని వేయాలి, ఒక డోసు ఎక్కువైనా హాని లేదు. ఆలస్యమైనా మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఆగిన చోటు నుంచి, పెంటావాలెంట్ అయితే కనీసం 4 వారాల ఎడంతో, కొనసాగించాలి. పెంటావాలెంట్ మొదలుపెట్టడానికి ఏడాది లోపు గడువు. ఆ తర్వాత వచ్చిన బిడ్డకు డీపీటీతో మొదలుపెడతారు. తట్టు-రుబెల్లా 5 ఏళ్ల దాకా వేయొచ్చు. ‘ఇన్నాళ్లూ ఏం చేశావు?’ అని తల్లిని అందరి ముందూ కసురుకునే కేంద్రానికి ఆ తల్లి మళ్లీ రాదు. తల్లితో వచ్చిన నాయనమ్మనో అమ్మమ్మనో కూడా పక్కన కూర్చోబెట్టి చెప్పాలి. ఇంటికెళ్లాక నిర్ణయం చాలాసార్లు వాళ్లదే.

చెప్పకుండా చేస్తే ఏమవుతుందో మన ఉమ్మడి రాష్ట్రానికి ఒకసారి అనుభవమైంది. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రయోగాత్మకంగా వేశారు. అనుమతి పత్రాల మీద చాలాచోట్ల తల్లిదండ్రులు కాక హాస్టల్ వార్డెన్లు సంతకం చేశారు. కొందరు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. అనుమతి తీసుకున్న తీరును మాత్రం తీవ్రంగా తప్పుపట్టారు. ఆ ప్రాంతంలో టీకా అన్న మాటకు అనుమానం అంటుకోవడానికి కారణం సూది కాదు, అడగకుండా వేయడం.

మీ నుంచి కోరేది ఇది. వచ్చే నెల డ్యూ లిస్టు ఫారంలో ‘వెళ్లబోయే ఊరు’ గడి చేర్చండి. రెండు రాష్ట్రాల ఏఎన్ఎంల ఫోన్ నంబర్ల జాబితాను పరస్పరం ఇచ్చుకోండి. సెషన్‌లో రాత పనికి ఒక మనిషిని అదనంగా ఇచ్చి, తల్లులతో మాట్లాడే మూడు నిమిషాలను ఏఎన్ఎంకు విడిచిపెట్టండి. సూపర్‌వైజరు తనిఖీకి వచ్చినప్పుడు రిజిస్టరు చూడటంతో సరిపెట్టకుండా, గేటు దగ్గర నిలబడి బయటికి వచ్చే ముగ్గురు తల్లులను ‘ఇవాళ ఏం వేశారు? మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు? జ్వరం వస్తే ఎంత మందు పోస్తారు?’ అని అడగాలి. వాళ్ల జవాబులు తనిఖీ నివేదికలో మాటకు మాట రాయాలి. ఆ నివేదికలు జిల్లాకు చేరిన మూడు నెలల తర్వాత 14వ వారం డోసుల లెక్కను పాత లెక్క పక్కన పెట్టి రెండు శాఖలూ బయటపెట్టాలని కోరుతున్నాం.

ఇట్లు,
రెండు రాష్ట్రాల్లో పిల్లల టీకాల పనిలో ఉన్న, ఉండి విరమించిన కొందరు పిల్లల వైద్యులు, ప్రజారోగ్య నర్సులు, ఏఎన్ఎంలు